మా వదిన చెవులకు జమానత్

మా వదిన పోయింది. ఆ పొద్దున జల్‌పల్లిలో మా ఇంటి ముందు చాప పరిచి మిరపకాయలు ఎండబోస్తున్నాను. పట్నం నుంచి సైకిలు మీద వచ్చిన మనిషి దిగి, సైకిలు గోడకు ఆనించి, నా ముఖం చూడకుండా ముందు మంచినీళ్ళడిగాడు. అడిగిన తీరులోనే సంగతి తెలిసిపోయింది. నీళ్ళు తాగి చెంబు కింద పెట్టి, “హుస్సేనీ ఆలంల మీ వదినమ్మ పోయిందమ్మా. జరం దిగనే లేదు. మీ అన్న జల్ది రమ్మన్నడు” అన్నాడు. నేనూ మా ఆయనా బండి కట్టించుకుని వెళ్ళేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. గల్లీ నిండా జనం. నాకోసమే ఆపి ఉంచారు.

నలభై ఏళ్ళు నిండని మనిషి. నాకంటే కొద్దిగానే పెద్ద. ఆమె గురించి నాలుగు మాటలు రాసి పత్రికకు పంపమని మా అన్నే అన్నాడు. “నాకు అక్షరాలు కూర్చుడే వస్తది, రాసుడు రాదు. నువ్వు రాయి” అన్నాడు. రాద్దామని కూర్చుంటే కన్నీళ్ళకంటే ముందు నవ్వొచ్చే సంగతులే వస్తున్నాయి. అది నా తప్పు కాదు, ఆమెదే. చదివేవారు మన్నించాలి.

మా వదినకు చెవులు వినబడవు. తొమ్మిదో ఏట వచ్చిన జ్వరం పోతూ పోతూ వినికిడిని వెంట తీసుకుపోయింది. నేర్చిన మాట మాత్రం మిగిలింది. పెళ్ళిచూపులనాడే వాళ్ళ నాయన ఈ సంగతి దాచకుండా చెప్పాడు. మా అమ్మ ముఖం ముడుచుకుంది. మా అన్న మాత్రం, “నేను మాట్లాడేదే తక్వ. ఇనబడకుంటె ఆమెకు పోయేదేముంది?” అన్నాడు. సర్కారు ఛాపఖానాలో సీసపు అక్షరాలు కూర్చే పని ఆయనది. పొద్దంతా అక్షరాలను తిరగేసి చదివే మొగుడికి, మనుషుల పెదవులు చదివే పెళ్ళాం వచ్చింది. ఈడూ జోడూ కుదిరిందని గల్లీలో అందరూ అనుకున్నారు.

ఆ మరుసటేడు నన్నూ అదే గల్లీలో నాలుగిళ్ళ అవతలికి ఇచ్చారు. జల్‌పల్లికి పోయింది చాలా తర్వాత. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. ఆ అధికారం చెలాయించాలని నేనూ చూశాను గానీ, మా వదిన దగ్గర అది సాగలేదు. నేను దెప్పిపొడవబోతే చాలు, ఆమె గోడవైపు తిరిగి బియ్యం ఏరుకునేది. ఇక నా దెప్పులు నాకే. కాస్సేపటికి ఇటు తిరిగి, “అయిపోయిందా పిల్లా? ఇగ చాయ్ తాగుదాం రా” అనేది.

ఆమె గొంతు ఎంత పెద్దదో ఆమెకు తెలియదు. గుసగుస అనుకుని ఆమె చెప్పే మాట గల్లీ మొగదాకా వినబడేది. నేను మొదటిసారి నీళ్ళోసుకున్నప్పుడు ఆ సంగతి ఇంకా మా అత్తకు కూడా చెప్పలేదు. వదినకు మాత్రం చెవిలో కాదు, ముఖంలో ముఖం పెట్టి చెప్పాను. ఆమె సంతోషం పట్టలేక, “ఎన్నో నెల?” అని అడిగింది. అంతే. సాయంత్రం నూనె అమ్మే అతను డబ్బా దించుతూ, “ముబారక్ అమ్మా” అన్నాడు.

పెదవులు చదవడంలో ఆమెకు తెలుగు, దక్కనీ రెండూ ఒకటే. పుట్టి పెరిగింది హుస్సేనీ ఆలంలోనే కదా. కానీ నోట్లో పాన్ పెట్టుకుని మాట్లాడేవాళ్ళంటే గిట్టేది కాదు. “నములుడో మాట్లాడుడో ఒకటి చేయి” అని మొహం మీదే అనేది. గుబురు మీసాలవాళ్ళంటే మరీ కోపం. మొహర్రంలో డప్పులు వస్తుంటే అందరికంటే ముందు ఆమెకే తెలిసేది. వసారాలో కొయ్య స్తంభానికి అరచేయి ఆనించి, “పీరు మన దిక్కే వస్తున్నది, బిందె నిండ నీళ్ళు పెట్టుండ్రి” అనేది. ఆ పది రోజులూ రాత్రిళ్ళు నిద్రలేక మేమంతా కళ్ళు ఎర్రబడి తిరుగుతుంటే, తెల్లవారి ఆవులించి మమ్మల్ని చూసి, “లొల్లి మీది, నిద్ర నాది” అని నవ్వేది. ఇప్పటికీ మా ఇంట్లో ఎవరికైనా మంచి నిద్ర పడితే ఆ మాటే అంటాం.

ఆమెకు అసలు కష్టం తలుపు దగ్గర. తలుపు తట్టినా, పేరు పెట్టి పిలిచినా లోపల మనిషికి తెలియదు. మా అన్న పని నుంచి వచ్చి వానలో తడుస్తూ తన గుమ్మం ముందే నిలబడ్డ రోజులున్నాయి. పగలు తలుపు తీసి ఉంచితే ఇంకో ఇబ్బంది. ఆ రోజుల్లో మగవాళ్ళు ఎవరింట్లోకి అడుగు పెట్టినా ముందు ఒక దగ్గు దగ్గి, “పర్దా” అని ఒక కేక వేసి ఆగేవారు. ఆడవాళ్ళు కొంగు సర్దుకోవడానికి, లోపలికి తప్పుకోవడానికి అంత వ్యవధి. మా పెదనాయన ఒకసారి పాపం మర్యాదగానే దగ్గి, కేక వేసి, ఆగి, లోపలికి వచ్చాడు. మా వదిన తలంటుకుని, జుట్టు విరబోసుకుని, వాకిట్లో ఎండకు కూర్చుని ఉంది. ఆయన వెనక్కి తిరిగి పోయిన వేగం చూడాలి. శాలిబండలో మా పెద్దన్న ఇంట్లో ఉండే మా అమ్మ, ఆ సంగతి తెలిసి ప్రత్యేకంగా వచ్చి కోడల్ని తిట్టి పోయింది. తిట్లు వినబడలేదు గానీ కనబడ్డాయి.

అప్పుడొచ్చింది చుక్క. బార్కస్ నుంచి జామపళ్ళ గంప నెత్తిన పెట్టుకుని వచ్చే ముసలాయన వెంట ఒక కుక్కపిల్ల పడి వచ్చింది. గోధుమరంగు ఒళ్ళు, నుదుటి మీద తెల్ల మచ్చ. ఆయన తరిమినా పోలేదు. మా వదిన ఇంత రొట్టె ముక్క వేసింది. ఆయన గంప ఎత్తుకుని పోతూ, “ఇగ ఇది నీదేనమ్మా, జామపండ్లకు కొసరు” అన్నాడు.

కుక్కకు ఎవరూ ఏమీ నేర్పలేదు, మొదట. ఒకరోజు మా అన్న తలుపు తడుతుంటే ఆ పిల్ల మొరిగి మొరిగి విసుగొచ్చి, పోయి వదిన చీర కుచ్చెళ్ళు పళ్ళతో పట్టి లాగింది. ఆమె అదిలించింది. మళ్ళీ లాగింది. ఏముందబ్బా అని దాని వెంట పోయి చూస్తే గుమ్మంలో మొగుడు. ఆ రోజు ఆ కుక్కపిల్లకు పెరుగన్నం దొరికింది. మా వదిన తెలివిగలది. మర్నాటి నుంచి నన్ను బయట నిలబెట్టి తలుపు తట్టించేది. కుక్క లాగితే రొట్టె, లాగకపోతే లేదు. తర్వాత దగ్గు. తర్వాత “పర్దా” అన్న కేక. గిన్నె కింద పడిన చప్పుడు. కొన్నాళ్ళకు మా పెదనాయన వచ్చి దగ్గేసరికి మా వదిన కొంగు నెత్తిన కప్పుకుని, పీట వేసి, మంచినీళ్ళతో సహా సిద్ధంగా ఉంది. ఆయన బయటికి వచ్చి, కోడలికి చెవులొచ్చాయని అందరికీ చెప్పాడు.

పక్కింటి బీబీ గురించి ఇక్కడ చెప్పాలి. రెండిళ్ళ వాకిళ్ళకు మధ్య గోడ ఒకటే. ఆ గోడకు ఒక ఖిడ్కీ, అంటే ఆడవాళ్ళు వీధిలోకి పోకుండా ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి దాటే చిన్న తలుపు. అది పగలంతా తెరిచే ఉండేది. బీబీ పెద్ద ముసలావిడ. నోట్లో ఎప్పుడూ పాన్ ఉండే మనిషి, మా వదినతో మాట్లాడటానికి మాత్రం ఉమ్మేసి, నోరు కడుక్కుని వచ్చి, నోరు బాగా తెరిచి మెల్లగా మాట్లాడేది. ఐదు పూటలా నమాజు చేసే ఇల్లు. కుక్క తగిలితే మళ్ళీ అంతా కడుక్కోవాలి. “బేటీ, నీ కుత్తా నీ ఇంట్ల. నా దెహలీజ్ దాటొద్దు” అని మొదటిరోజే చెప్పేసింది. మా వదిన ఖిడ్కీ గడప మీద పసుపు గీత గీసి, చుక్కను అక్కడే ఆపడం నేర్పింది. ఖిడ్కీకి అవతల బీబీ ఇంట్లో మాంసం ఉడుకుతున్నా సరే, ఇది గీతకు ఇవతల కూర్చుని ముక్కు ఎగబీల్చేదే గానీ కాలు పెట్టేది కాదు.

కుక్కను పెంచుకుంటే బల్దియాకు, అంటే మునిసిపాలిటీకి పోయి బిల్ల తెచ్చి మెడకు కట్టాలి. లేకపోతే కుక్కల బండివాళ్ళు పట్టుకుపోతారు. మా అన్న పోయాడు. కుక్క దేనికని అక్కడి గుమాస్తా అడిగాడు. శౌఖుకా, పహరాకా, అంటే సరదాకా, కాపలాకా? ఆ రెండే రకాలు. మా అన్న ఆలోచించి, “వినడానికి” అన్నాడు. గుమాస్తా కలం కింద పెట్టి, “గ్రామఫోన్ డబ్బా మీది కుక్కనా ఏందయ్యా?” అని, గది అంతా నవ్వించి, పహరా అని రాసుకుని బిల్ల ఇచ్చాడు. మా అన్న ఇంటికి వచ్చి చెబితే మేమూ నవ్వాం. ఆ నవ్వు తర్వాత మాకు గొంతులో అడ్డం పడింది.

మా వదినకు ఆడపిల్ల పుట్టింది. చెవుల్లేని తల్లి బిడ్డను ఎట్లా సాకుతుందని మా అమ్మకు బెంగ. నిజం చెప్పాలంటే నాకూ ఉండేది. కానీ ఉయ్యాలలో బిడ్డ కుయ్యిమంటే చాలు, చుక్క పోయి కుచ్చెళ్ళు లాగేది. వంటింట్లో ఉన్నా, పెరట్లో ఉన్నా వదలదు. మా ఇంట్లో రెండు చెవులూ సరిగ్గా ఉన్న నేను, నా కొడుకు ఏడ్చి ఏడ్చి నీలిగినాక పోయి ఎత్తుకునేదాన్ని. మా వదిన బిడ్డ రెండోసారి ఏడ్చే అవసరం రాలేదు.

ఆ బిడ్డ పాకే వయసులో పక్క గల్లీలో ఘోరం జరిగింది. వాకిట్లో ఆడుకుంటున్న పసివాణ్ణి కుక్క కరిచింది. వీధికుక్క కాదు, మెడలో బిల్ల ఉన్న ఇంటి కుక్కే. పిచ్చెక్కిందని ఎవరికీ తెలియలేదు. ఆ పిల్లవాడు నీళ్ళు చూసి భయపడుతూ పోయాడు. గల్లీలన్నీ వణికిపోయాయి. బల్దియా వాళ్ళు దండోరా వేయించారు. బిల్ల ఉన్నా లేకున్నా, వీధిలోనైనా ఇంటి వాకిట్లోనైనా, ప్రతి కుక్క మూతికీ చిక్కం ఉండాలి. లేకపోతే పట్టుకుపోయి చంపేస్తారు. దూడలు మట్టి తినకుండా మూతికి కడతామే, ఆ చిక్కమే, తోలుది. ఆ హుకుం తప్పని నేను అనను. బిడ్డల తల్లిని.

మా వదిన దండోరా సంగతి తెలిసిన పూటే చిక్కం తెప్పించి కట్టింది. కట్టాక గానీ ఎవరికీ తట్టలేదు. చుక్క ఆమెను పిలిచేది పళ్ళతో. పళ్ళకు సంకెల వేశాక ఇక దేనితో పిలుస్తుంది?

మూడోనాడే అది తేలింది. వదిన పెరట్లో బట్టలు పిండుతోంది. బిడ్డ పాకుతూ వాకిట్లో నీళ్ళ గంగాళం దగ్గరికి పోయి, అంచు పట్టుకుని లేచి, తలకిందులుగా లోపలికి జారింది. నేను అప్పుడే గుమ్మంలో అడుగు పెట్టాను. చుక్క వదిన చుట్టూ పిచ్చిదానిలా తిరుగుతూ, చిక్కంతో ఆమె కాళ్ళను పొడుస్తూ ఉంది. ఆమె, చిక్కం బాధకు అట్లా చేస్తోందనుకుని, “ఓర్చుకో తల్లీ, నాల్గు దినాలే” అని దాని తల నిమురుతోంది. నేను పరుగెత్తి బిడ్డ కాళ్ళు పట్టి బయటికి లాగాను. దగ్గి, నీళ్ళు కక్కి, ఏడుపు అందుకుంది. ఏడుపు అంత తీయగా ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు. మా వదిన నా చేతుల్లో తడి బిడ్డను చూసి, అక్కడే కూలబడింది.

సంగతి శాలిబండకు చేరింది. మర్నాడు మా అమ్మ టాంగా కట్టించుకుని వచ్చింది. టాంగాను గల్లీ మొగలో నిలబెట్టి లోపలికి వచ్చి, కోడలి ఎదురుగా కూర్చుని, ఆమెకు కనబడేటట్టు మెల్లగానే చెప్పింది. “బిడ్డను నేను తీస్కపోత. జర పెద్దగైనంక పంపిస్త. నీ మీద కోపంతోని కాదు బిడ్డా. ఇయ్యాల ఆడబిడ్డ వచ్చింది. రేపు ఎవరొస్తరు?” మా అమ్మ మాటలో అబద్ధం లేదు. మా వదిన లేచి, పెట్టె తెరిచి, బిడ్డ బట్టలు మూట కట్టింది. కట్టి, చుక్కను దగ్గరికి పిలిచి, దాని మూతికున్న చిక్కం విప్పి గోడకేసి కొట్టింది. “అత్తమ్మా, బిడ్డ మీ ఇంటికి పోతదో, నా ఇంట్ల ఉంటదో ఇయ్యాలనే తేలాలె. కుక్కల బండి రానియ్యి” అంది. ఆమె మామూలు గొంతుతోనే అంది. అంటే గల్లీ అంతా వినబడింది.

కుక్కల బండి రానే వచ్చింది. బండి వెనక బల్దియా దారోగా, ఆ బండివాళ్ళ మీద అధికారి. పొడవాటి మనిషి. ఆయన మీసాలు ఇటు చెంప నుంచి అటు చెంప దాకా పై పెదవిని పూర్తిగా కప్పేశాయి. మా అన్న ఆ రోజు పనికి పోలేదు. గుమ్మంలో నిలబడి సంగతి చెప్పబోయాడు గానీ, మాటలు కూర్చుకునేలోపు వదినే కొంగు నెత్తిన వేసుకుని ముందుకు వచ్చింది. దారోగా ఏదో అన్నాడు. ఆమె కళ్ళు చికిలించి చూసింది. ఆయన గట్టిగా అన్నాడు. ఆమె ఇంకా దగ్గరికి పోయి చూసింది. చివరికి, “సాబ్, జర మీ మీసాలు జరుపుండ్రి. మాట కనబడ్తలేదు” అంది.

గల్లీ గొల్లుమంది. బండివాళ్ళు కూడా నవ్వారు. దారోగా మాత్రం నవ్వలేదు, కోపం తెచ్చుకోలేదు. రెండు వేళ్ళతో మీసాలు పైకెత్తి పట్టుకుని, అట్లాగే పట్టుకుని మాట్లాడాడు. “అమ్మా, ఆ పిల్లగాడు నా దగ్గర పనిచేసేటోని కొడుకు. నా చేతుల మీదనే పోయిండు. వాణ్ణి కరిసిన కుక్క కూడ మంచిదనే అన్నరు అందరు. నేను ఇంకో బిడ్డను గట్ల చూడలేను.”

మా వదిన కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. “మీ మాట కనబడ్డది సాబ్” అంది. “చిక్కం కడ్త. పొద్దుమాపు కడ్త. మరి నా బిడ్డ నీళ్లల్ల పడితే మీరొచ్చి నాకు చెప్తరా?”

దారోగా మీసాల మీద నుంచి చేయి తీశాడు. మళ్ళీ ఎత్తిపట్టి, “కాయ్దాల రెండే ఉన్నయమ్మా. శౌఖు కుక్క, పహరా కుక్క. చెవి కుక్క అని లేదు. లేనిది నేనెక్కడికెల్లి తేవాలె?” అన్నాడు. ఆయన కష్టమూ నిజమే. ఆ కాయ్దా, ఆ చట్టం, రాసింది ఆయన కాదు. మా అమ్మ బట్టల మూట చంకన పెట్టుకుని బిడ్డ కోసం చేతులు చాచింది. మా వదిన బిడ్డను ఇవ్వలేదు, ఇవ్వనూ అనలేదు. గుండెకు అదుముకుని నిలబడింది.

అప్పుడు ఖిడ్కీ వైపు నుంచి, పర్దా వెనక నుంచి, బీబీ గొంతు. “దారోగా సాబ్, ఆదాబ్. ఆ కుత్తాకు నేను జమానత్ ఉంట.”

అందరూ అటు తిరిగారు. దారోగాకు అర్థం కాలేదు. కోర్టులో మనిషికి ఇంకో మనిషి పూచీ పడటం ఉంది, జమానత్ అంటే అదే. కుక్కకు జమానత్ ఎవరైనా విన్నారా? ఆయన అదే అడిగాడు. “కుత్తాకు జమానత్ ఏ కాయ్దాల ఉన్నది బీబీ?”

“కుత్తాకు కాదు, ఈ పిల్ల చెవులకు. ఆమె మనిషే గద? చెవులు మనిషియి కాకపోతే ఎవలియి?” అంది బీబీ. “సునో సాబ్. నాకు కుత్తా అంటే పడదు, గల్లీ మొత్తానికి ఎరుకే. నేను ఈ ఖిడ్కీ దినమంత తెరిచి పెడ్త. మా ఇంట్ల గోష్ వండుత. ఇన్నేండ్లల్ల అది గడప మీది గీత ఒక్కసారి దాటలే. నా నమాజ్ ఒక్కసారి చెడలే. తెరిచిన ఖిడ్కీ దాటనిది, వీధి తలుపు దాటుతదా? దాటితే, ఎవల్నన్న కరిస్తే, నన్ను పట్కపోండ్రి. ముసలిదాన్ని, ఎక్కడికి ఉరుకుత?”

దారోగా గుమ్మంలోంచి లోపలికి తొంగిచూశాడు. చుక్కను చూశాడు. ఖిడ్కీ గడప మీద పసుపు గీతను చూశాడు. చివరికి ఒక షరతు పెట్టాడు. ఇంటి గడప లోపల చిక్కం అక్కర్లేదు. గడప దాటి మూతి బయట పెడితే ఆ రోజే బండి. ఇంకోటి, బయటివాళ్ళు ఎవరూ ఈ గడప లోపల అడుగు పెట్టకూడదు. ఎంత పని ఉన్నా గడప అవతలే నిలబడాలి. కుక్క పోయి ఆమెను తీసుకు రావాలి. “ఈ మాట గల్లీ ఒప్పుకుంటే నేను ఒప్పుకుంట. కుక్క ఒక్కటి మాట నిలబెట్టుకుంటే చాలదు, మనుషులు గూడ నిలబెట్టుకోవాలె” అన్నాడు.

మొదట నోరు విప్పింది పాలతను. రోజూ పొద్దున్నే బర్రెపాల బిందెతో మా గల్లీకి వచ్చే మనిషి. “నేను దాటను సాబ్. నిలబడ్త” అన్నాడు. తర్వాత నూనె అతను. తర్వాత గల్లీలో ఇంటికొకరు. మా పెదనాయన కూడా వచ్చి, దగ్గి, “నేను గూడ” అన్నాడు. ఆ దగ్గు వినగానే చుక్క పోయి మా వదిన కుచ్చెళ్ళు పట్టి లాగింది. దారోగా అప్పుడు నవ్వాడు. మీసాల కింద నవ్వు మా వదినకు కనబడలేదేమో గానీ, ఆయన కళ్ళు చూసి ఆమెకు తెలిసిపోయింది.

మా అమ్మ చంకలోని మూట మా వదిన చేతికిచ్చింది. గల్లీ మొగకు పోయి టాంగా అతనికి, “నువ్వు పో నాయనా, నేను ఇయ్యాల ఇక్కడనే తింట” అని చెప్పి వచ్చింది. ఆ రాత్రి బీబీ ఇంటి నుంచి సేమియా పాయసం ఖిడ్కీలోంచి వచ్చింది. మా అమ్మ తన జన్మలో మొదటిసారి ఇంకో మతం వాళ్ళింటి వంట తిన్నది. తిని, చక్కెర ఎక్కువైందని అన్నది. అది ఆమె మెచ్చుకోలు.

పిచ్చికుక్కల భయం కొన్నాళ్ళకు పోయింది. చిక్కాలు విప్పేశారు. దారోగా వేరే చోటికి బదిలీ అయ్యాడు. ఆ షరతును ఎవరూ ఎత్తేయలేదు, ఎవరూ గుర్తు చేయలేదు. గల్లీ దాన్ని అట్లాగే పట్టుకుంది. వదిన ఇంటి ముందు ఎవరూ అరవరు, తలుపు తట్టరు. గడప అవతల వచ్చి నిలబడతారు. కాసేపటికి ఆమె వస్తుంది. ఆమె ఎదుట నోరు బాగా తెరిచి, మెల్లగా, మాటకు మాటకు మధ్య ఆగి మాట్లాడతారు. యుద్ధం రోజుల్లో రేషన్ బియ్యం కోసం అందరూ అందరి మీదా అరుచుకుంటున్నప్పుడు కూడా, మా వదిన ముందుకు వచ్చేసరికి గొంతులు తగ్గి పెదవులు కదిలేవి. నాకు కోపం వచ్చినప్పుడు ఎదుటివాళ్ళ ముఖం చూసి మాట్లాడే బుద్ధి ఏమాత్రం ఉన్నా, అది ఆమె దగ్గర అబ్బిందే. ముఖం చూస్తూ తిట్టడం చాలా కష్టం. ప్రయత్నించి చూడండి.

చుక్క ముసలిదైంది. చివరి రోజుల్లో దానికీ చెవులు పోయాయి. అందరికంటే ముందు కనిపెట్టింది మా వదినే. “ఇది గూడ నా లెక్కనే అయింది పిల్లా” అని నవ్వి, దాన్ని పక్కన కూర్చోబెట్టుకునేది. మధ్యాహ్నాలు ఇద్దరూ గుమ్మానికి ఎదురుగా కూర్చుని, వచ్చేవాళ్ళ కోసం చూస్తూ ఉండేవారు. అప్పటికి బిడ్డ ఎదిగింది, తల్లికి చెవి తానే అయింది. చుక్క పోయిన రోజు బీబీ తన పాత చాదర్ ఒకటి ఖిడ్కీలోంచి పంపింది, చుట్టి పూడ్చడానికి. “దాని జమానత్ అయిపోయింది” అందట, అంతే. మళ్ళీ ఇంకో కుక్కను తెచ్చుకోమంటే మా వదిన ఒప్పుకోలేదు. “ఎవలన్న ఒక్కసారే జమానత్ ఉంటరు” అంది.

దహనం అయ్యాక నేను దినాలు గడిచేదాకా అన్న ఇంట్లోనే ఉండిపోయాను. బీబీ ఖిడ్కీ దగ్గర కూర్చుని తస్బీ పూసలు తిప్పుకుంటూ ఉంటుంది. వదిన బిడ్డ లోపలి గదిలోంచి లేవడం లేదు. ఇల్లు నిండా చుట్టాలు, అందరూ చెవులున్నవాళ్ళే. పాలు మాత్రం రావడం లేదు. చావింటికి పాలు పోయడానికి కూడా భయమా అని మా అమ్మ పాలతన్ని తిట్టిపోసింది. నాలుగో పొద్దున నేను వాకిలి ఊడుద్దామని చీపురు పట్టుకుని గుమ్మంలోకి పోతే, గడప అవతల పాలతను నిలబడి ఉన్నాడు. చేతిలో బిందె. నిలబడి ఎంతసేపైందో, కాళ్ళ దగ్గర ఈగలు ముసురుతున్నాయి.

“ఎప్పుడొచ్చినవ్? లోపల ఇంతమందిమి ఉన్నం, ఒక్క కేక ఎయ్యొచ్చు గదా?” అన్నాను. రోజూ వస్తున్నాడట. వచ్చి, నిలబడి, ఎవరూ రాకపోతే పోతున్నాడట. లోపలికి రమ్మంటే గడప వైపు చూశాడు గానీ కదలలేదు. నేనే గిన్నె తెచ్చి పట్టాను. అతను నా ముఖంలోకి చూస్తూ, నోరు బాగా తెరిచి, మాటకు మాటకు మధ్య ఆగుతూ అడిగాడు.

“ఎన్ని... పాలు... పొయ్యాలె... అమ్మా?”

నాకు వినబడుతుందని అతనికి చెప్పబుద్ధి కాలేదు. రెండు వేళ్ళు చూపించాను.